నాలుగు కోట్ల వ్యూస్ పాటకు ఎనిమిది వేలేనా?

ప్రశ్న: అన్నా, మాది జగిత్యాల దగ్గర పల్లె. 2019 మార్చిల ఒక పాట రాసి పాడిన. పల్లవి మా నాయనమ్మ నాట్లేసుకుంట పాడేది, మూడు చరణాలు నేను కట్టిన. ఒక యూట్యూబ్ ఛానలోళ్లు ఎనిమిది వేలిచ్చి వంద రూపాయల బాండు పేపరు మీద సంతకం తీసుకున్నరు. ఇప్పుడు దానికి నాలుగు కోట్ల వ్యూస్ దాటినయ్. బరాత్‌ల, డీజేల, రీల్స్‌ల అంతట అదే పాట. నాకు మాత్రం ఆ ఎనిమిది వేలే. పోయిన నెల అదే పాటను ఉత్త డప్పుతోని మళ్ల పాడి నా సొంత ఛానల్‌ల పెట్టుకున్న. రెండు దినాలకే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది, పైసలు వాళ్లకే పోతున్నయ్. నా పాట నేను పాడితే నేనే దొంగనా? ఇంకో ఛానలాయన పాటకు పదిహేను వేలిస్త, మూడు పాటలు రాసియ్యి అంటున్నడు. ఇయ్యాల్నా వద్దా? ఎవడువడితే వాడు డౌన్‌లోడ్ చేసుకునే కాలంల పాటకు ఇలువేంది, వచ్చిన కాడికి తీసుకో అని మా బావ అంటడు. బాండు పేపరు ఫొటో పంపుతున్న.

జవాబు: తమ్ముడూ, అన్నా అని పిలిచావు కనుక నువ్వనే అంటాను. నీ బాండు పేపరుకంటే ముందు మీ బావ మాట తేల్చాలి. ఆయన చెప్పింది సగం నిజం. మిగతా సగం ఎవరూ చెప్పకనే నీలాంటివాళ్లు ఎనిమిది వేలకూ పదిహేను వేలకూ సంతకాలు పెడుతున్నారు.

1990లలో నేను కోఠిలో ఒక క్యాసెట్ల కంపెనీలో లెక్కలు రాసేవాణ్ణి. జానపదాలు, భజనలు, ఒగ్గుకథలు మా సరుకు. పాట రికార్డింగుకు అయ్యేది ఒక పూట స్టూడియో కిరాయి, నలుగురు వాద్యగాళ్ల కూలి. అసలు ఖర్చంతా ఆ తర్వాతే. ఖాళీ క్యాసెట్లు కొనాలి, మెషీన్ల మీద పాట ఎక్కించాలి, పైన బొమ్మ అచ్చు వేయించాలి, అట్టపెట్టెల్లో కట్టి వేములవాడకో కొమురవెల్లికో, మేడారం జాతర ఉన్న ఏడాది మేడారానికో బస్సుల మీద పంపాలి, దుకాణదారుకు కమీషన్ వదులుకోవాలి. అమ్ముడుపోని పెట్టెలు తిరిగొచ్చేవి. వాటిని పారేసేవాళ్లం కాదు, చెరిపి వేరే పాటలు ఎక్కించేవాళ్లం. ఆ ఏడు ఆడని బతుకమ్మ పాటల మీద కార్తీకంలో అయ్యప్ప భజనలు పడేవి. భజన అయిపోయాక చివర్లో సగం బతుకమ్మ చరణం వినిపిస్తోందని ఒక గురుస్వామి క్యాసెట్ పట్టుకొచ్చి మా బల్ల మీద విసిరిన రోజు నాకింకా గుర్తుంది.

పాడినవాళ్లకు గుండుగుత్తగా ఇంతని ఇచ్చి మా సేటు సంతకం తీసుకునేవాడు. అందులో పిసినారితనం లేదని అనను. కానీ అది లెక్క దొరకని వ్యాపారం కూడా. ఎన్ని ఎక్కించామో నాకు తెలుసు, ఎన్ని అమ్ముడయ్యాయో దుకాణదారుకు తెలుసు, పక్క సందులో ఎన్ని నకళ్లు తీశారో ఎవరికీ తెలియదు. క్యాసెట్‌కు ఇంతని వాటా ఇస్తామన్నా కళాకారుడు నమ్మేవాడు కాదు. చేతిలో పడ్డ నోట్లే నిజం. గుత్త ఇద్దరికీ తేలికైంది.

ఆ ఖర్చుల్లో ఇప్పుడు ఏవి మిగిలాయో చూడు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరలు నేలకు దిగాక, నాటు వేసే కూలీ నడుముకు చెక్కుకున్న ఫోన్లోనూ పాట మోగుతోంది. నీ పాటను నలుగురు విన్నా నాలుగు కోట్లసార్లు విన్నా ఛానల్‌వాళ్లకు అయ్యే ఖర్చులో తేడా లేదు. ఇంకో నకలు తీయడానికి పైసా పడనప్పుడు నకలుకు ధర నిలవదు. మీ బావ చూసింది ఇక్కడిదాకా.

నకలు ధర పడిపోయినా డబ్బు మాయమవలేదు, చోటు మారింది. ఇప్పుడది ప్రకటనల మీద, నెలవారీ చందాల మీద వస్తోంది. యూట్యూబ్ మామూలు వీడియోల పక్కన వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం ఛానల్‌కు ఇస్తుంది, షార్ట్స్ అనే పొట్టి వీడియోలకైతే ఆ వాటా 45 శాతం. స్పాటిఫైలాంటి పాటల యాప్‌లు చందాలనూ ప్రకటనలనూ ఒక కుండలో పోసి, ఎవరి పాట ఎంత విన్నారన్న లెక్కన హక్కుదారులకు పంచుతాయి. చిన్నవాళ్లకు అక్కడొక మెలిక కూడా ఉంది: 2024 నుంచి ఏడాదిలో వెయ్యిసార్లయినా వినని పాటకు స్పాటిఫై రికార్డింగు డబ్బు ఇవ్వడం లేదు. ఏ కుండలోంచి వచ్చినా సరే, ప్రతి చుక్కకూ లెక్క ఉంది. ఏ ఊళ్లో, ఏ దేశంలో, ఎన్ని నిమిషాలు విన్నారో ఛానల్ యజమాని ఫోన్లో కనిపిస్తుంది. పైగా పాట చెరిగిపోదు. 2019 నాటి నీ పాట నిన్న వచ్చిన పాట పక్కనే కూర్చుని ఇవాళ కూడా సంపాదిస్తోంది. క్యాసెట్ల రోజుల్లో మా సేటు ఆస్తి ఎక్కించే మెషీన్లు. ఈ ఛానల్‌వాళ్ల ఆస్తి నీ సంతకమున్న కాగితం. లెక్క దొరకని కాలంలో పుట్టిన గుత్త పద్ధతిని, ప్రతి వ్యూ లెక్కకొచ్చే కాలంలో కూడా నీ మీద నడిపిస్తున్నారు. నీకు జరిగిన నష్టమంతా ఇక్కడే ఉంది.

ఛానల్‌వాళ్ల పక్క నుంచీ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. వాళ్లు డ్యాన్సర్లకు, చీరలకు, డ్రోన్ కెమెరాకు, ఎడిటింగుకు నీకిచ్చినదానికి ఎన్నో రెట్లు పెట్టి ఉంటారు. పది పాటలు తీస్తే ఆడేది ఒకటి. ఆడని తొమ్మిదింటి కళాకారుల దగ్గరికి వెళ్లి మా డబ్బు వాపసివ్వమని వాళ్లు అడగరు. నాలుగు కోట్ల వ్యూస్ అంటే నాలుగు కోట్ల రూపాయలనీ అనుకోకు. ప్రతి వ్యూకూ ప్రకటన రాదు, వచ్చినా మన దేశపు రేట్లు తక్కువ. వాళ్లు దొంగలని నేననను. పెట్టుబడి తీరాక కూడా మిగిలేదంతా, ఎన్నేళ్లయినా, వాళ్లకే ఉండిపోవడం మాత్రం ఒప్పుకోను. చట్టం కూడా ఒప్పుకోదు.

ఇక కాగితం. ఫొటోలో కనిపిస్తున్నది ఒకటే వాక్యం: పై పాటపై సర్వహక్కులు మీకు ఇచ్చివేసితిని. ఎన్నేళ్లకో లేదు, ఏ ప్రాంతానికో లేదు, రాయల్టీ, అంటే పాట వాడినప్పుడల్లా నీకు రావలసిన వాటా, ఆ మాటే లేదు. రాయించినవాళ్లు అంతా తమకే వచ్చేసిందని అనుకుని ఉంటారు. ఆ ఖాళీలే నీకు కలిసొచ్చేవి.

పాట అని మనం ఒకే మాట అంటాం కానీ చట్టం దాన్ని విడదీసి చూస్తుంది. చరణాల సాహిత్యం నీది. అడిగి రాయించుకున్నా, డబ్బులిచ్చి రాయించుకున్నా, వాళ్ల దగ్గర జీతం మీద ఉద్యోగివి కానంతవరకు మొదటి హక్కుదారుడివి నువ్వే. బాణీ, పల్లవి మీ నాయనమ్మ పాడినవంటున్నావు, ఆమెకు వాళ్ల అమ్మ దగ్గర వచ్చి ఉంటాయి. వాటి మీద నీకూ హక్కు లేదు, ఛానల్‌కూ లేదు. 2019లో చేసిన రికార్డింగు, తీసిన వీడియో మాత్రం ఖర్చు పెట్టిన నిర్మాతకు, అంటే ఛానల్‌వాళ్లకు చెందుతాయి. వాటి జోలికి పోకు.

సాహిత్యం దగ్గరే ఆగుదాం. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 19వ సెక్షను ఉంది. హక్కుల బదిలీ కాగితంలో గడువు రాయకపోతే అది అయిదేళ్లకే అని అర్థం చేసుకోవాలంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. నీ కాగితం 2019 మార్చిది, అయిదేళ్లు 2024 మార్చితో నిండాయి. అంటే రికార్డింగు వాళ్లదే అయినా, అందులో ఉన్న నీ చరణాలను ఆ తర్వాత వాడుకోవాలంటే మళ్లీ నీ ఒప్పుదల కావాలని గట్టిగా అడిగే చోటుంది నీకు. రెండోది ఇంకా తమాషా. మీ జగిత్యాల వైపు ఇంటికొకరు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. వాళ్లు రాత్రి క్యాంపుల్లో పెట్టుకుని విన్న పాటలు, డాలస్‌లో బతుకమ్మ ఆడుతూ మోగించిన పాటలు, ఇవన్నీ మొదటి రోజు నుంచే నీ కాగితం ఎల్లలకు అవతల ఉన్నాయి. అమెరికాలో చూసిన వెయ్యి వ్యూస్‌కు వచ్చే ప్రకటన డబ్బు ఇక్కడి వెయ్యికంటే బాగా ఎక్కువ. ఏ దేశం నుంచి ఎంత వచ్చిందో ఛానల్ డ్యాష్‌బోర్డులో, అంటే యజమానికి లెక్కలు చూపించే పేజీలో, విడివిడిగా కనిపిస్తుంది. ఆ లెక్క అడుగు.

గడువు, ప్రాంతం అన్నీ రాసి ఉన్నా పోని హక్కు మరొకటుంది. 2012 జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, సినిమాలోగానీ సౌండ్ రికార్డింగులోగానీ చేరిన పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు హక్కులు తీసుకున్నవాళ్లతో సమానంగా తమకు రావలసిన రాయల్టీ వాటాను వదులుకోవడానికి వీల్లేదు. వారసులకు, రాయల్టీలు వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీకి తప్ప ఎవరికీ రాసివ్వకూడదు. వదులుకున్నానని సంతకం పెట్టినా ఆ ఒప్పందం చెల్లదు. సినిమాహాల్లో సినిమాతోపాటు ఆడటం ఒక్కటే దీనికి మినహాయింపు. 1977లో సుప్రీంకోర్టు సినిమా పాటలు నిర్మాతవేనని తీర్పిచ్చాక ముప్పై అయిదేళ్లు రచయితలు దీనికోసం తిరిగారు. చివరికి రాజ్యసభలో హిందీ సినిమా పాటల రచయిత జావేద్ అఖ్తర్ పట్టుబట్టి కూర్చున్నాడు. 2023 ఏప్రిల్‌లో ఎఫ్ఎం రేడియోల కేసులో బొంబాయి హైకోర్టు కూడా మధ్యంతర ఉత్తర్వులో రచయితల పక్షానే నిలబడింది. ఇదంతా సినిమావాళ్ల గొడవ అనుకుని మన జానపదం వాళ్లు పట్టించుకోలేదు. సౌండ్ రికార్డింగు అన్న మాటలో మీ పల్లె పాట కూడా ఉంది. పాడింది కూడా నువ్వే కనుక గాయకుడిగా వచ్చే వాటా వేరే ఉంది, దాన్ని కూడా నోటీసులో రాయించు.

నీ కోపం నాకర్థమైంది, అందుకే ముందే చెబుతున్నాను: వాళ్ల వీడియో మీద స్ట్రయిక్ వేయించకు, అంటే యూట్యూబ్‌కు ఫిర్యాదు చేసి దాన్ని తీసేయించకు. ఎవరో ఒకరు నీకు ఈపాటికి ఆ సలహా ఇచ్చే ఉంటారు. ఆ వీడియో పోతే నాలుగు కోట్ల వ్యూస్ పోతాయి. పాటను వెతికినప్పుడు పైన చూపించేది, రీల్ చేసేవాళ్లను అక్కడికి తెచ్చేది ఆ అంకె. కాయలు కాసే చెట్టులో నీకు వాటా కావాలి. గొడ్డలి ఎందుకు? ముందు లాయరు చేత నోటీసు ఇప్పించు. అయిదేళ్ల గడువు, దేశం బయటి ఆదాయం, రాయల్టీ వాటా, ఈ మూడూ అందులో ఉండాలి. వీడియో అలాగే ఉంచండి, ఇప్పటినుంచి వాటా ఇవ్వండి, పాత లెక్క కూర్చుని మాట్లాడుకుందాం అని అడుగు. కుదరకపోతే కోర్టు కోసం హైదరాబాదు పరుగెత్తక్కర్లేదు. కాపీరైట్ దావాను హక్కుదారుడు తానుండే చోటి జిల్లా కోర్టులోనే వేసుకోవచ్చని 62వ సెక్షను చెబుతోంది. లాయరు ఫీజుకు ఇబ్బందైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు అక్కడ ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం ఉంది, మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి చూస్తారు.

నీ సొంత వీడియో మీద వచ్చినది స్ట్రయిక్ కాదు, క్లెయిమ్. అంటే వీడియో ఉంటుంది, డబ్బు మాత్రం వాళ్లకు పోతుంది. యూట్యూబ్ 2007లో మొదలుపెట్టిన కంటెంట్ ఐడీ అనే యంత్రం పని అది. ఛానల్‌వాళ్లు తమ రికార్డింగును నమూనాగా ఇచ్చి ఉంటారు. నీ గొంతు, నీ రాగం దానికి తగిలాయి. నీ బాండు పేపరులో అయిదేళ్లు నిండాయని యంత్రానికి తెలియదు. నువ్వే చెప్పాలి. క్లెయిమ్ దగ్గర డిస్ప్యూట్ అన్న మీట ఉంటుంది. క్లెయిమ్ పడ్డ అయిదు రోజుల్లోపు నొక్కి ఉంటే మొదటి రోజు నుంచి డబ్బు ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేవారు. నీకిప్పుడు ఆ గడువు దాటింది, నొక్కిన రోజు నుంచే ఆపుతారు. ఇవాళే నొక్కు. కారణంలో మూడు ముక్కలు రాస్తే చాలు: ఇది కొత్తగా చేసుకున్న నా రికార్డింగు, సాహిత్యం నాది, బాణీ సంప్రదాయం. వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. కాదని గట్టిగా నిలబడితే అప్పీలు చేసుకోవచ్చు. కానీ అప్పీలు మీద వాళ్లు వీడియో తీసేయించే నోటీసు ఇస్తే నీ ఛానల్‌కు స్ట్రయిక్ పడుతుంది, తొంభై రోజుల్లో మూడు పడితే ఛానలే పోతుంది. అందుకని అప్పీలుకు ముందు లాయరుకు కాగితం చూపించు. ఇంకోటి, నీ ఛానల్‌కు వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్) లేకపోతే క్లెయిమ్ పోయినా ప్రకటన డబ్బు నీకు రాదు. ఆ సంగతి కూడా చూసుకో.

డీజేలు, రీల్స్ మాట రాశావు. అక్కడ నీకు పెద్ద ఆశ చూపించలేను. ఊరి డీజే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకున్న పాట వెనక ఎవడూ తిరగలేడు, తిరిగితే వచ్చేదానికన్నా తిరుగుడు ఖర్చే ఎక్కువ. ఆ బరాత్‌లో విన్నవాడు ఇంటికొచ్చి పాట పేరు వెతికితే నీకు లాభమే, వెతికినప్పుడు నీ పేరు కనబడితే. చట్టం కూడా ఈ కొత్త లోకానికి పూర్తిగా రాలేదులే. ఒకరి పాటను ఇంకొకరు మళ్లీ రికార్డు చేసుకునే కవర్ వెర్షన్లకు 2012లో పెట్టిన నియమం చూడు. ఏడాదికి కనీసం 50 వేల కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలట. కాపీలు! ఎవరైనా క్యాసెట్ కొని ఎన్నాళ్లయింది? ఆ సెక్షను చదివినప్పుడల్లా నాకు మా కోఠి గోదాములో అట్టపెట్టెల వాసన వస్తుంది.

రాయల్టీలు వసూలు చేసి పంచడానికి ఐపీఆర్ఎస్ అని పాట రచయితల, స్వరకర్తల సొసైటీ ఉంది, 1969 నుంచి. ఆఫీసు ముంబైలో. అందులో సభ్యుడివి కా, నీ పాటలన్నీ నమోదు చేయించు. కాపీరైట్ పుట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ, రేపు కోర్టులో చూపించడానికి కాగితం ఉంటే మంచిది. ఢిల్లీ కాపీరైట్ ఆఫీసులో సాహిత్యానికి ఫీజు 500 రూపాయలు, దరఖాస్తు ఆన్‌లైన్లోనే పెట్టుకోవచ్చు.

ఇప్పుడు పదిహేను వేల మాట. ఇంట్లో అవసరం ఉంటే తీసుకో, నీతులు చెప్పడం నాకు తేలిక, ఇల్లు నడిపేది నువ్వు. కానీ మూడు పాటలు ఒక్కసారే ఇవ్వకు. ఒకటివ్వు. కాగితం వాళ్లు తెచ్చింది కాదు, నువ్వు రాయించింది పెట్టు. సర్వహక్కులు అన్న మాట అందులో కనబడకూడదు. ఈ ఒక్క రికార్డింగుకు, ఈ వీడియోకు, అయిదేళ్లకు అని రాయించు. అదే పాటను నేను కచేరీల్లో, నా ఛానల్‌లో పాడుకుంటాను, దానికి క్లెయిమ్ వేయకూడదని రాయించు. నూటికి తొంభై కాగితాల్లో ఉండని మాట ఇదే. వీడియో ఖర్చు ఎంతో అంకె వేసి, అది రాబట్టుకున్నాక వచ్చే ఆదాయంలో నీకు వాటా అని రాయించు. ఛానలాయన పాటకు ఎక్కువ పెట్టుబడి పెడతానంటే ముందిచ్చే పదిహేను వేలను పదికి దించుకోవడానికైనా ఒప్పుకో, వాటా మాత్రం వదలకు. డ్యాష్‌బోర్డు స్క్రీన్‌షాట్ మూడు నెలలకోసారి పంపాలి. కాలర్ ట్యూన్లు, సినిమాకు ఇవ్వడం, నీ గొంతును ఏఐతో వాడుకోవడం వేరే ఒప్పందాలు. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమం పేరు పెట్టి రాయకపోతే ఆ హక్కు వాళ్లకు పోదని 18వ సెక్షను చెబుతుంది గానీ, ఇవాళ వాడుకలో ఉన్నవాటికి ఆ రక్ష లేదు. కాబట్టి ఏమేం ఇవ్వడంలేదో పేరుపేరునా రాయించుకోవాలి.

ఇవన్నీ అడిగితే ఆయన లేచి వెళ్లిపోవచ్చు. పోనీ. నాలుగు కోట్ల పాట రాసినవాడివి, ఇంకొకడు వస్తాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు మొదటి పాటతో వచ్చి అడిగితే ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ణి కాదు.

వీడియో కింద పేర్లు రాసేచోట పల్లవి సంప్రదాయం అని రాసి, పక్కన మీ నాయనమ్మ పేరు పెట్టు. బాణీ మాదేనని రేపు ఎవరైనా వచ్చినా అది నీకు అడ్డుపడుతుంది.

చివరగా ఒకటి. బాండు పేపరు ముందు పక్క ఒక్కటే ఫొటో తీసి పంపావు. వెనక్కి తిప్పి చూడు. చిన్న అక్షరాలతో శాశ్వతంగా అని ఉంటే అయిదేళ్ల మాట పోతుంది, ప్రపంచవ్యాప్తంగా అని ఉంటే దుబాయి మాట పోతుంది, రెండూ ఉంటే రాయల్టీ వాటా ఒక్కటే మిగులుతుంది. లాయరు దగ్గరికి వెళ్లేముందు ఆ ఫొటో కూడా పంపు.